ఇత్తడి ఇంజను మీద పేరు

నా భర్త పోయిన మూడో వారంలో బుడితి నుంచి బుల్లమ్మ అనే ఆమె మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు నేను ఆమెను చూడలేదు. పేరు మాత్రం విన్నాను. గడప బయటే కూర్చుని కొంగున కట్టిన మూట విప్పింది. మూటలో రూపాయి బిళ్ళంత ఇత్తడి చక్రాలు నాలుగున్నాయి.

“జోతిబాబు పోతపోయించుకున్నవండి. తరిమెన మీదెట్టి తిప్పి నునుపు సేసి ఇద్దామనీసరికి ఇలగయిపోనాది,” అంది. అని, కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పటికి నేను ఒక్కసారైనా పైకి ఏడవలేదు. నా గడప మీద నాకంటే ముందు మరో మనిషి ఏడుస్తుంటే నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. చక్రాలు తీసుకున్నాను. మంచినీళ్ళిచ్చాను. లోపలికి రమ్మనలేదు.

వెళ్ళే ముందు ఆమె నా భుజం మీదుగా లోపలికి చూసి, “ఆ ఇత్తడి రైలుబండెక్కడున్నాదండి? ఒక్కపాలి సూసెల్తాను,” అంది.

“తర్వాత చూద్దువుగాని,” అన్నాను.

నా భర్త పరంజ్యోతి నౌపడా షెడ్డులో ఫిట్టరు. మేము టెక్కలిలో ఉండేవాళ్ళం. నేను అక్కడి మిషన్ బడిలో నాలుగో తరగతికి పంతులమ్మని. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్నరైలు ఇంజన్లకు మరమ్మతు చేయడం ఆయన ఉద్యోగం. ఆ ఇంజన్ను అడుగుకు అర అంగుళం చొప్పున ఇత్తడితో చేయాలని ఆయన కోరిక. అరవై ఆరు వేసవిలో మొదలుపెట్టారు. ఒక్క భాగం కూడా కొన్నది ఉండకూడదన్నారు. కొందామన్నా అమ్మేవాళ్ళెవరూ లేరు. షెడ్డులో నిలబెట్టిన ఇంజను చుట్టూ టేపు పట్టుకుని తిరిగి, కొలతలన్నీ నా పాత హాజరు పుస్తకంలో రాసుకున్నారు. ఇంజనుకు ఒక పక్క అమర్చిన నీళ్ళతొట్టికి ఎన్ని రివిట్లున్నాయో సుద్దతో గుర్తు పెడుతూ లెక్కపెట్టారు. నూట పన్నెండు. ఇత్తడి రేకును సీసపు దిమ్మ మీద బోర్లించి, అరిగిపోయిన గ్రామఫోను సూదితో వెనకనుంచి ఒక్కొక్కటే కొట్టి, నూట పన్నెండు బొడిపెలూ లేపారు. రెండో తొట్టికి మళ్ళీ నూట పన్నెండు.

పని పెరటి వసారాలో సాగేది. ఏదైనా భాగం పూర్తయితే తువ్వాలు మీద పెట్టి వంటింట్లోకి తెచ్చేవారు. “పంతులమ్మగారూ, మార్కులెయ్యండి,” అనేవారు. నేను చేయి తుడుచుకుని, దీపం దగ్గరకు తీసుకెళ్ళి తిప్పి చూసేదాన్ని. పదికి పది వేసేదాన్ని. ఆయన మీద ప్రేమతో కాదు. నిజంగానే తప్పు కనిపించేది కాదు.

చక్రాలు మాత్రం చేత్తో కోస్తే లొంగలేదు. బుడితి కంచరివాళ్ళ దగ్గర పోతపోయించాలన్నారు. ఆదివారం ఆరాధన కాగానే పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సెక్కేవారు. నరసన్నపేటలో మారి బుడితి చేరేవారు. మొదట నెలకోసారి. తర్వాత ప్రతి ఆదివారం. ఆ ఇంజనుకు ఉన్నవి మొత్తం పది చక్రాలు. పది చక్రాలకు అన్ని ఆదివారాలు ఎందుకో నేను అడగలేదు. అడిగితే, నేను లెక్కపెడుతున్నట్టు ఆయనకు తెలుస్తుంది.

ఆయన అక్క ఎలీసమ్మ మా పక్కింట్లోనే ఉండేది. ఆమె అడక్కుండానే చెప్పింది.

“ఒసే లీలా, ఆ పోతపోసీది మొగోడు కాదంట. మొగుడు సచ్చిపోయిన ఆడమనిసంట. నువ్వేమో బళ్ళో పిల్లల పలకలు దిద్దుకుంతన్నావు. ఇంట్ల పలక ఎవలు దిద్దుతన్నారో సూసుకున్నావా?”

“పని చేయించుకోవడానికి వెళ్తున్నారు, వదినా.”

“నేనూ పనే అంతన్నాను. మరేటన్నాను?”

అరవై ఏడు ఆగస్టులో ఆయనకు కామెర్లు వచ్చాయి. తొమ్మిది రోజులు పడుకున్నారు. ఏడో రోజు మధ్యాహ్నం మగతలో, “బుల్లమ్మా, పట్టకారు,” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో గ్లూకోజు నీళ్ళ గ్లాసు ఉంది. ఆ తర్వాత కూడా ఆయన చాలా మాటలన్నారు. నా పేరూ అన్నారు. కాని నాకు ముందు అన్న మాటే నిలిచిపోయింది.

బుల్లమ్మ చక్రాలు ఇచ్చి వెళ్ళిన కొద్దిరోజులకు చిన్నరైలు డ్రైవరు సీమోను మా ఇంటికి వచ్చాడు. నా భర్తకు ఈడువాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు.

“చెల్లెమ్మా, జోతి ఏడాది పార్దన కూడికకి ఆ బండిని బల్ల మీద ఎట్టాల. షెడ్డు షెడ్డంతా వస్తాది. ఇంకేటి మిగిలిపోనాది?”

“ఈ నాలుగు చక్రాలు ఎక్కించాలి. పక్క కడ్డీలు చేయాలి. బాయిలరుకు ముందు తలుపు పెట్టాలి.”

“బుడితాయమ్మకి కబురెట్టీనా?”

“అక్కర్లేదన్నయ్యా. నేను పూర్తి చేస్తాను.”

సీమోను నా చేతుల వంక చూశాడు.

నా ఆలోచన సూటిగానే ఉంది. ఆ ఇంజను ఆయనది. ఆయన తర్వాత నాది. ఏడాది కూడికలో ఊరంతా దాన్ని చూసేనాటికి అందులో మూడో మనిషి చేయి ఉండకూడదు.

నాకు ఆకురాయి పట్టుకోవడం కూడా రాదు. హాజరు పుస్తకంలో ఆయన రాసిపెట్టినదే నాకు గురువు. ఇంజను పక్కన చక్రాలను కలుపుతూ ఆడే కడ్డీలు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే పొడవుండాలి. లేకపోతే చక్రాలు బిగుసుకుంటాయి. అందుకని రెండు బద్దలను ఒకదానిమీద ఒకటి పెట్టి టంకంతో అంటించి, రెండింటినీ ఒకటిగా రాకి, రంధ్రాలు కూడా ఒక్కసారే తొలిచి, ఆఖర్న వేడిచేసి విడదీయాలని రాసి ఉంది. నాలుగు జతలు పాడుచేశాను. బొటనవేలు కాల్చుకున్నాను. మర్నాడు బళ్ళో సుద్దముక్క పట్టుకోలేక పాఠం నోటితోనే చెప్పాను. ఐదో జత కుదిరింది. మార్చి నెలలో ఒక సాయంత్రం చట్రానికి చక్రాలు ఎక్కించి బల్ల మీద పెట్టి తోశాను. కడ్డీలు పైకి లేచి, ముందుకు వెళ్ళి, కిందకు దిగాయి. బడి వెనక రైలుకట్ట మీద చూసే కదలికే. ఆ సాయంత్రం తలుపు వేసుకుని ఏడ్చాను.

ముందు తలుపు జూన్‌లో అయింది. ఇక తోమి మెరుగు పెట్టడమే మిగిలిందనుకున్నాను. చింతపండుతో తోముతూ నీళ్ళతొట్టి మూత తీసి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎక్కడైనా కారుతుందేమోనని ఆయన నీళ్ళు పోసి చూసినట్టున్నారు. ఒంపేలోగా జబ్బు పడ్డారు. నీళ్ళు నిలిచే ఇత్తడి దేనికైనా మా ఇళ్ళలో చేసేది ఒకటే. కళాయి వేయిస్తాం.

కళాయి సూరయ్య మా వీధికి రెండు నెలలకోసారి వస్తాడు. వేపచెట్టు పక్కన గొయ్యి తవ్వి బొగ్గులు పోసి తిత్తి బిగిస్తాడు. ఆ రోజు ఆడవాళ్ళందరూ బిందెలూ గిన్నెలూ పట్టుకుని చుట్టూ చేరారు. మా వదిన కూడా ఉంది. నేను చక్రాల చట్రం విడదీసి ఇంట్లో ఉంచి, పైభాగం మాత్రం తీసుకెళ్ళాను. బాయిలరు, పొగగొట్టం, రెండు తొట్లు, డ్రైవరు నిలబడే గది, అన్నీ కలిసి ఒకటే ముక్క.

“ఇదేటండి పంతులమ్మగోరూ, దీపం సెమ్మా?” అన్నాడు సూరయ్య.

“రైలింజను.”

“ఓలమ్మో! దీనికి కళాయెందుకండి? ఇందల్ల పులుసు కాస్తారేటి?”

ఆడవాళ్ళు నవ్వారు. లోపలి చిలుము చూపించాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో అతుకులు గీకి చూశాడు.

“ఇది ఏ అతుకండి? సీసం టంకమైతే నా పొయ్యి మీద నిలవదు. వెలిగారమేసి అతికిందయితే బయం నేదు.”

నాకు తెలియదు. కడ్డీలకు నేను వాడింది పెట్టెలో దొరికిన టంకం. తొట్లు దేనితో అతికారో నేను చూడలేదు. తెలియదు అనడం ఎంత పని? కాని నా భర్త చేసిన దానిలో నాకు తెలియనిది ఉందని మా వదిన ముందు, ఆ వీధి ముందు ఒప్పుకోవాలి. తెలిసినవాళ్ళు బుడితిలో ఉన్నారని కూడా ఒప్పుకోవాలి.

“వెలిగారమే,” అన్నాను. “నా ముందే అతికారు.”

సూరయ్య తిత్తి ఊదాడు. నవసాగరం పొగ లేచింది. మొదట పొగగొట్టం మెల్లగా పక్కకు ఒరిగింది. అతను పట్టకారుతో లాగేలోపల తొట్టి గోడలు విడిపోయాయి, డ్రైవరు గది కప్పు జారింది, బాయిలరు చుట్టూ ఉన్న పట్టీలు ఒక్కొక్కటే బొగ్గుల్లో పడ్డాయి. ముక్కలన్నీ ఏరి మట్టి మీద పరిచాడు. ఇరవై మూడు.

“నేనడిగినాను కదమ్మా. అడిగే కదా ఎట్టినాను.”

“నీ తప్పు కాదు, సూరయ్యా.”

మా వదిన ముక్కల దగ్గర కూలబడింది. “ఒసే, వాడి సెయ్యే ఊడిపోనట్టున్నాదే,” అని గట్టిగా ఏడ్చింది. నేను ముక్కలను కొంగులో ఏరుకుని ఇంటికి వచ్చాను.

కూడిక ఐదు వారాల్లో ఉంది. రెండు వారాలు నేనే అతకడానికి చూశాను. ఒక మూల అతికితే రెండో మూల విడిపోయేది. తొట్టి గోడ ఒకటి వంగింది. మూడో ఆదివారం ఆరాధన కాగానే ముక్కలు బడి సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆయన వెళ్ళే బస్సే. ఆయనలాగే నరసన్నపేటలో మారాను.

బుల్లమ్మ వాకిట్లో మట్టి మూసలు ఎండుతున్నాయి. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, “రండి తల్లీ, కూకోండి,” అంది. నన్ను గడప బయట కూర్చోబెట్టలేదు. సంచిలోవి చాప మీద పోశాను. ఆమె ఒక ముక్క తీసి చూసింది. ఇంకోటి తీసింది.

“ఓలమ్మ నాయనో! ఎవలు సేసినారీ పని?”

“నేనే. కళాయికి ఇచ్చాను. అతుకు వెలిగారందన్నాను.”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “వెలిగారమన్నారేటి! ఈ తొట్లు అతికింది నేనేనండి. సీసం టంకమే. నాకు తెల్దేటి?”

“నువ్వా?”

“మరేటి. జోతిబాబుకి రేకు కొయ్యడం వచ్చు. రివిట్లు కొట్టడం వచ్చు, అందల్ల ఆయనకి సాటి నేరు. అతుకు మాత్రం రాదు. ఆయనేసిన అతుకు గొంగళీపురుగు పాకినట్టుండీది. మూడుపాల్లు ఊడదీసినారు. నాలుగోపాలి, నీకు దండమెడతాను బుల్లమ్మా నువ్వెయ్యి, అన్నారు.”

“ఇక్కడ చక్రాలే కదా చేయించుకున్నది?”

“సెక్రాలకి ఇన్నాదివారాలేటండి!”

నేను రెండేళ్ళు అడగకుండా దాచుకున్న ప్రశ్న అది. ఆమె నోట జవాబుగా వచ్చింది.

“పాడుచేసినవి ఎన్ని ఉంటాయి?” అన్నాను.

“గంపెడు. పొగ్గొట్టాలే ఐదు. ఒకటి మరీ సొట్టపోనాది, అది నెత్తి మీదెట్టుకుని కిరీటమన్నారు. ఏలు కాలినప్పుడల్లా ఏసుబాబుని ఒక కేకేసీవోరు. మా ఈదోల్లు, ఏటే బుల్లమ్మా, మీ ఇంట్ల పార్దన సేస్తన్నారేటి అనీవోల్లు.”

“అవి ఉన్నాయా? ఆ పాడైనవి?”

“ఇత్తడి పారేస్తామేటండి? కరిగించీసినాం. ఏ సెంబుల్ల ఉన్నాయో, ఏ గంటల్ల ఉన్నాయో.”

“నాకు ఒక్కటీ చూపించలేదు.”

“మీకెలగ సూపిస్తారు?” ఆమె నవ్వుతూనే అంది. “అనీవోరు కదా, ఇంటికాడ మా పంతులమ్మున్నాది, తప్పు సూపిస్తే ఎర్రసిరా ఎడతాది, తప్పులన్నీ నీ కాడుంచి ఒప్పులట్టుకుని ఎల్తాను బుల్లమ్మా అని.”

ఆయన మాట ఆయన లాగే అంది. ఒత్తి చెప్పే మాట దగ్గర ఆయన కొంచెం ఆగేవారు. ఆమె కూడా ‘ఒప్పులు’ దగ్గర ఆగింది.

నేను అనుమానించింది వేరు. అదే నిజమైతే ఆమెను అసహ్యించుకుని ఊరుకునేదాన్ని. అందులో నాకు కొంత సుఖం ఉండేది. ఇది అలాంటిది కాదు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన నా ముందు ఒక్క సొట్ట పొగగొట్టం పెట్టలేదు. నెత్తి మీద కిరీటం పెట్టుకుని నవ్వించలేదు. నా దగ్గరకు తువ్వాలు మీద పెట్టి, తుడిచి, తెచ్చారు. మిగతా మనిషంతా ఈ వాకిట్లో ఖర్చయ్యాడు. దానికి నేను ఎవరిని తప్పుపట్టను?

“అతకగలవా?” అని మాత్రం అడిగాను.

“మూడాదివారాల్లో అయిపోతాది. ఒకలు పట్టుకోవాల. మీరు పట్టుకుంతారా?”

ఆ రోజుతో కలిపి మూడు ఆదివారాలు పట్టుకున్నాను. ఆమె కొలిమి దగ్గర, నేను ఎదురుగా. ఆమె అడిగిన పనిముట్టు అందించడం, వేడి ముక్కను కదలకుండా పట్టుకోవడం నా పని. ఆమె అతుకు సన్నగా, దారంలా పారేది. వంగిన తొట్టి గోడను చెక్క సుత్తితో రెండు దెబ్బల్లో సరిచేసింది. ఒక్క రివిటు కూడా నలగలేదు. రెండో ఆదివారం ఇంటి నుంచి చక్రాల చట్రం కూడా తీసుకెళ్ళాను. నేను చేసిన కడ్డీలు చూసి, “ఇవి బాగున్నాయి తల్లీ, ఇవి బాబు సేసుంతే ఇంతోటి రావు,” అంది. మెచ్చుకోలు అని తెలుసు. అయినా నా భర్తను ఎంత తక్కువ చేయవచ్చో ఆమె నిర్ణయిస్తున్నట్టు అనిపించింది.

ఆఖరి ఆదివారం ఇంజను మొత్తం నిలబడింది. ఆమె కొంగుతో తుడిచి, ఒక చిన్న ఇత్తడి బిళ్ళ తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద తడి సున్నం పూసి ఆరబెట్టి ఉంది.

“జోతిబాబు మాటిచ్చినారండి. బండి అయిపోనాక బిళ్ళ మీద ఇద్దరి పేర్లూ ఏద్దామని. ఆయన రాస్తే నేను సెక్కుదునని. నాకు సదువు రాదు కదా. సున్నం మీద మీరు రాయండి, గీత ఎంబడి నేను సెక్కుతాను.”

గ్రామఫోను సూది నా చేతికిచ్చింది. నేను పైన ‘పరంజ్యోతి’ అని రాశాను. కింద ‘లీలారాణి’ అని రాశాను. నల్లబల్ల మీద రాసినట్టే రాశాను.

“రెండోది నాదేనా?”

“ఆఁ.”

ఆమె బిళ్ళను దిమ్మ మీద బిగించి, సన్న ఉలితో మొదలుపెట్టింది. అక్షరం ఏదో తెలియదు కాబట్టి ప్రతి మెలికనూ ముగ్గులా చూసుకుంటూ చెక్కింది. గంటన్నర పట్టింది. ఆఖర్న సున్నం కడిగేసి, రెండో వరసను వేలితో రెండుసార్లు నిమిరింది. “నా పేరు ఇలగుంతాదా!” అంది. బిళ్ళను ఇంజను పక్కకు అతికింది. నేను బస్సు వేళయిందన్నాను.

కూడిక ఆగస్టు రెండో శనివారం. మా ఇంటి ముందు పందిరి వేశారు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద ఇంజను. షెడ్డువాళ్ళు వరసగా వచ్చి వంగి చూశారు. రివిట్లు లెక్కపెట్టినవాళ్ళున్నారు. సీమోను పేర్లు పైకి చదివి, “మొగుడూ పెళ్ళాం కలిసి సేసినారు. సక్కగున్నాది చెల్లెమ్మా,” అన్నాడు. నేను తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.

బుల్లమ్మ పొద్దున్న బస్సుకే వచ్చింది. కొత్తచీర కట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా ఆడవాళ్ళ వెనక, సీమోను చదివింది వినిపించనంత దూరంలో కూర్చుంది. టీ ఇస్తున్నప్పుడు లేచి బల్ల దగ్గరకు వచ్చింది. అక్కడ మా వదిన నిలబడి ఉంది.

“రెండోది నా పేరేనండి,” అంది బుల్లమ్మ ఆమెతో. ఎవరో అడిగినట్టు.

మా వదిన బైబిలు రోజూ చదివే మనిషి. బిళ్ళ వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

“అవునమ్మా. నీ పేరే. బుల్లమ్మని ఉన్నాది,” అంది.

నా కోసమే అంది. ఏడాది పాటు ఈమె గురించి నా చెవిలో చెప్పిన మనిషి, ఇప్పుడు నన్ను కాపాడుతూ, మన మనిషివిలే అన్నట్టు నా వంక చూసింది. ఆ చూపు కింద నిలబడలేకపోయాను.

“బుల్లమ్మా, అది నీ పేరు కాదు,” అన్నాను. “నాది. నీకు చదువు రాదని తెలిసే రాశాను.”

“ఒసే, నోరు ముయ్యే!” అంది మా వదిన.

బుల్లమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమెకు అర్థం కాలేదు. “నేనే కదండి సెక్కినాను,” అంది. “నేను సెక్కితే నా పేరెందుకు కాదు?”

“నేను రాసింది నా పేరు.”

పక్కనున్న ఇద్దరు ముగ్గురు మా వైపు తిరిగారు. ఆమె వంగి రెండో వరస మీద మళ్ళీ వేలు పెట్టి చూసింది.

“కంచరోల్లు తూకంల మోసం సేస్తారని లోకమంతా మమ్మల్నంతాది,” అంది చివరికి. “సదువుకున్నోల్లు రాతల్ల సేస్తారన్నమాట.”

ఆమె పెట్టిన గ్లాసును నేను బల్ల అంచు నుంచి లోపలికి జరిపాను.

“నా పేరు రాసి సూపించండి.”

లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చి వసారా గచ్చు మీద రాశాను. ఆమె వంగి చూసింది. “ఇంతేనా?”

“ఇంతే.”

“పొట్టిదే.” వెంటనే తలెత్తి, “సీమోనుబాబూ, ఇటు రండి. ఇదేటో సదవండి,” అని పిలిచింది. సీమోను వచ్చి చదివాడు. ఆమెకు చాలలేదు. ఒక ఫైర్‌మ్యాన్‌ను పిలిచి చదివించింది. పాస్టరుగారిని చదివించింది. ముగ్గురూ అదే చెప్పాక నడుం నిటారు చేసింది. బల్ల దగ్గరకు వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, ఇంజన్ను రెండు చేతులా పట్టుకుని రెండో వైపుకు తిప్పింది.

“బండికి ఇంకో పక్కున్నాది,” అంది. “ఈ పక్కన నా పేరొక్కటే. బాబుగోరిదీ ఒద్దు. మీదీ ఒద్దు.”

ఆయన పేరు రెండు వైపులా ఉండాలి కదా అనబోయాను. ఆయన లేకుండా ఆ ఇంజనుకు ఒక వైపు ఉండడం, ఆ వైపు ఆమెది కావడం, నాకు కష్టంగా ఉంది. ఆమె నా ముఖం చూస్తూ నిలబడింది.

“సరే,” అన్నాను.

ఆయన పెట్టె తెచ్చి వసారాలో పెట్టాను. ఏ ఉలి ఏ అరలో ఉంటుందో ఆమె నన్ను అడగలేదు. ఆ పెట్టె ఆమెకు నాకంటే బాగా తెలుసు. రేకు ముక్క కత్తిరించి, సున్నం పూసి, నా ముందుకు తోసింది. నేను రాశాను. రాసినదాన్ని గచ్చు మీద ఉన్నదాని పక్కన పెట్టి, మెలికకు మెలిక సరిచూసుకున్నాకే ఉలి పట్టింది. జనం భోజనాలకు కూర్చున్నారు. ఆమె లేవలేదు. నేను ఎదురుగా కూర్చుని బిళ్ళ కదలకుండా పట్టుకున్నాను.

అతకడం అయ్యేసరికి మూడున్నర. నాలుగింటికి బస్సు. ఆమె చేతులు కడుక్కుని, మా వదిన పెట్టిన విస్తరి ముందు రెండు ముద్దలు తిని లేచింది. నేను బస్టాండు దాకా కూడా వెళ్ళాను. రమ్మనలేదు. వద్దనలేదు.

బయల్దేరే ముందు ఇంజన్ను రెండు వైపులా తిప్పి చూశాను. ఆమె పేరు లోతుగా, ఒకే ఒరవడిలో, ఎక్కడా తడబడకుండా ఉంది. మా వైపు బిళ్ళ మీద ఉలి జారిన గీతలు రెండున్నాయి. ఒకటి నా పేరులో. ఒకటి ఆయన పేరులో. తన పేరు చెక్కుకున్నంత శ్రద్ధగా నా భర్త పేరు చెక్కలేదని నాకు అనిపించింది. రెండోసారి చెక్కింది కాబట్టి చేయి తిరిగి ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా అనిపించింది. ఆ మాట ఆమెతో అనలేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఎండలో నిలబడ్డాం.